నల్లరేగడి పెరట్లో ఆర్‌సీ (రిమోట్‌తో నడిపే) కార్లకి మట్టి ట్రాక్: మట్టి ఏది, జంపులెలా?

పెరటిబగ్గీ:
ఇంటి వెనక 40×50 అడుగుల ఖాళీ జాగా ఉంది. మాది గుంటూరు వైపు, పక్కా నల్లరేగడి. వానాకాలం బంక, ఎండాకాలం చెయ్యి దూరేంత బీటలు. 1/10 సైజు (అసలు బండిలో పదో వంతు) బగ్గీ ఒకటి, షార్ట్ కోర్స్ ట్రక్కు (మట్టి రేసుల పికప్ బండి నమూనా) ఒకటి ఉన్నాయి, రెండూ బ్యాటరీవే. ఉన్న మట్టి మీదే ట్రాక్ చేయొచ్చా, బయటి నుంచి తోలించాలా? తోలిస్తే ఎన్ని ట్రాక్టర్లు? జంపుల ఎత్తెంత ఉండాలి? సిమెంటు నేల వద్దు, మట్టే కావాలి.

మొరంబాట:
నల్లరేగడి మీద నేరుగా వద్దండి. తడిస్తే టైరు పిన్నుల (మీది బుడిపెల) మధ్య ముద్ద కట్టేస్తుంది, ఎండితే బీటలో ముందు చక్రం ఇరుక్కుని సస్పెన్షన్ ఆర్మ్ (చక్రాన్ని పట్టి ఉంచే చెయ్యి) విరుగుతుంది. పైన మొరం పరవాలి (మీ వైపు గ్రావెల్ అంటారనుకుంటా).

మట్టికి ముందు గీత తేల్చుకోండి. పడమర పక్కన 8 అడుగులు వదిలేయండి, మీరు నిలబడి కారు నడిపే బల్ల అక్కడ వస్తుంది. సాయంత్రం నడిపేటప్పుడు ఎండ వీపుకి తగలాలి, కళ్లలో కాదు. బల్ల 3 అడుగుల ఎత్తు లేకపోతే అవతలి వరసలో కారు జంపు వెనక మాయమవుతుంది. మిగిలిన 32 అడుగుల్లో 8 అడుగుల వెడల్పున 4 వరసలు, ఒక చివర వాటిని కలుపుతూ అడ్డంగా ఒకటి. నిలువు వరసలు సరి సంఖ్యలోనే ఉండాలి, బేసి అయితే తిరిగి మొదటికి రావడానికి ఇంకో వరస తినేస్తుంది. ల్యాప్ 180–200 అడుగులు వస్తుంది. ముగ్గు పిండితో గీత పోసి, మట్టి తోలకముందే కారు నడిపి చూడండి. ఏ మలుపు ఇరుకో పది నిమిషాల్లో తెలిసిపోతుంది, చెరిపి మళ్లీ పోసుకోవచ్చు.

ఇక లెక్క. 32×50 అంటే 1600 చదరపు అడుగులు. దిమ్మిస కొట్టాక 4 అంగుళాల మందం నిలవాలంటే 533 ఘనపుటడుగులు. వదులు మట్టి అణిగిపోతుంది కాబట్టి పావు వంతు కలిపి 670, జంపులకి ఇంకో 100. ట్రాక్టరుకి 100 అడుగుల లెక్కన 8. ట్రాలీలన్నీ ఒకే సైజు ఉండవు, కొలిచి మాట్లాడుకోండి.

కింది 2 అంగుళాలకి గ్రావెల్ వచ్చింది వచ్చినట్టే వేయండి. పై 2 అంగుళాలకి మాత్రం మేస్త్రీలు ఇసుక పట్టే జల్లెడలో పట్టాలి. గోలీకాయంత రాయి ఉన్నా టైరు కింద నుంచి లేచి మోటారు దగ్గర గేర్లలో పడుతుంది. బంక కోసం బయటికి వెళ్లనక్కర్లేదు, మీ నల్లమట్టే 6 పాళ్ల గ్రావెల్‌కి 1 పాలు చొప్పున కలపండి. ఎండబెట్టి, పొడి కొట్టి, జల్లించాకే సుమా. గడ్డలుగా కలిపితే గడ్డ ఉన్న చోటల్లా తర్వాత ఉబ్బుతుంది.

వాలు మర్చిపోవద్దు: 50 అడుగులకి 6 అంగుళాలు. మలుపుల్లో బయటి గట్టు 3–4 అంగుళాలు పోస్తారు కదా, అది నీళ్లకి ఆనకట్ట అవుతుంది. ప్రతి గట్టు కింద నీళ్లు పోవడానికి 2 అంగుళాల పీవీసీ పైపు ముక్క పెట్టండి.

దిమ్మిసదెబ్బ:
పైన చెప్పిందంతా సరే, తొక్కడం గురించి ఎవరూ చెప్పలేదు. పాతరోజుల్లో కళ్లం ఎలా చేసేవాళ్లో అదే పని: తడపడం, ఆరనివ్వడం, తొక్కడం. మట్టి గుప్పిట పట్టి ముద్ద చేసి నడుం ఎత్తు నుంచి వదలండి. రెండు మూడు ముక్కలైతే దిమ్మిసకి సిద్ధం. పొడి అయిపోతే నీళ్లు చాలలేదు, చపాతీలా అతుక్కుంటే ఒకరోజు ఆగాలి. 200 లీటర్ల డ్రమ్ములో నీళ్లు నింపి దొర్లిస్తే రోలరు బాడుగ మిగులుతుంది.

మొదటి జంపుగా టేబుల్‌టాప్ చేయండి. ఎత్తు 10 అంగుళాలు, ఎక్కే వాలు నేల మీద కొలిస్తే 28 అంగుళాలు (సుమారు 20 డిగ్రీలు), పైన 4 అడుగుల చదును, దిగే వాలు 4 అడుగులు. దిగే వాలు ఎక్కేదానికన్నా పడుకుని ఉండాలి. ఎక్కే ముఖం తిన్నగా ఉంచండి. చివర్లో పొట్టిగా వంచి లేపితే వెనక స్ప్రింగులు ఒక్కసారి తన్ని కారు ముక్కు కిందికి పెట్టి పడుతుంది. జంపు ముందు 15 అడుగులు, తర్వాత 10 అడుగులు మలుపు రాకూడదు. వెడల్పు వరస మొత్తం పట్టాలి.

లోపల ఇటుక ముక్కలు, చెత్త నింపి పైన మట్టి కప్పితే మొదటి వానకే కుంగుతుంది. మూడేసి అంగుళాల పొరలుగా, ఒక్కో పొర దిమ్మిస కొట్టుకుంటూ లేపాలి. ముందు అరిగేది ఎక్కే అంచే. మీకు సిమెంటు ఇష్టం లేదన్నారు కానీ, ఆ అంచున ఒక అడుగు మేర పై 2 అంగుళాలకి 10 పాళ్ల గ్రావెల్‌లో 1 పాలు సిమెంటు కలిపి వారం రోజులు తడపండి. రంగు మట్టిదే ఉంటుంది, ఎవరికీ తెలియదు.

పెరటిబగ్గీ:
ఇద్దరికీ థాంక్సండి. అవును, మా దగ్గర గ్రావెలే అంటాం. నల్లమట్టిలో సున్నం కలిపితే ఉబ్బడం తగ్గుతుందని మా మేస్త్రీ అంటున్నాడు. వరసల మధ్య ఇటుకలు పేర్చవచ్చా? దుమ్ముకి ఏం చేయాలి?

మొరంబాట:
సున్నంతో తగ్గుతుంది, రోడ్ల కింద చేసే పనే. కానీ లెక్క చూడండి: 6 అంగుళాల లోతు అంటే 800 ఘనపుటడుగులు, దాదాపు 34 టన్నుల మట్టి. 5 శాతం వేసినా 1.7 టన్నుల సున్నం, అదీ సమంగా కలవాలి. పారతో సమంగా కలవదు, పైగా కళ్లు, చేతులు కాలతాయి. మీ కారు బరువు రెండు మూడు కిలోలు, లారీ కాదు. ఆ డబ్బుతో ఇంకో రెండు ట్రాక్టర్ల గ్రావెల్ తోలించి ట్రాక్‌ని చుట్టూ ఉన్న నేలకన్నా ఎత్తులో ఉంచండి, వాననీళ్లు పక్కకి పోయేలా కాలువ తీయండి. అయినా వేసవిలో సన్న బీటలు వస్తాయి. జల్లించిన మిశ్రమం ఒక బస్తా దాచుకుని పూడ్చుకోవడమే.

పదోవంతు:
ఇటుకలు వద్దే వద్దు, గుద్దితే ఆర్మ్ విరిగేది మీదే. వాటి బదులు, పొలాల్లో వాడి పారేసిన రెండున్నర అంగుళాల డెలివరీ పైపు (మోటారు నీళ్లు పారించే మెత్తటి పైపు) దొరుకుతుంది. 4 అడుగుల ముక్కలు కోసి, మట్టి కూరి, రెండు చివరలు మడిచి బైండింగ్ వైరుతో కట్టండి. 8 మిల్లీమీటర్ల చువ్వని యూ ఆకారంలో వంచి పైపు మీదుగా దిగేయండి. మొన తేలకూడదు. మొత్తం 300 అడుగుల పైపు పడుతుంది.

దుమ్ముకి నీళ్లే మందు. ముందురోజు సాయంత్రం సన్న జల్లుగా 300 లీటర్లు, అంటే 2 మిల్లీమీటర్ల వాన. నడిపే ముందు తడిపితే బురదే. కాల్షియం క్లోరైడ్ చల్లితే గాలిలో తేమ పట్టి దుమ్ము అణుగుతుంది గానీ బేరింగులు, స్క్రూలు తుప్పు పడతాయి, పక్కన మొక్కలు మాడతాయి. బెల్లం నీళ్లు చల్లమనే వాళ్లూ ఉన్నారు. కార్ల కంటే ముందు చీమలు రేసు మొదలుపెడతాయి. పేడనీళ్ల కళ్లాపి జంపుల పక్క వాలులకి బాగుంటుంది. చక్రాలు తిరిగే చోట మాత్రం పెచ్చులుగా లేచిపోతుంది.

దిమ్మిసదెబ్బ:
ఒకటి మర్చిపోయా. మీ వైపు అక్టోబరు, నవంబరు వానలు కూడా ఉంటాయి కాబట్టి పని డిసెంబరులో పెట్టుకోండి. తర్వాతి వానాకాలానికి జంపుల మీద మాత్రం టార్పాలిన్ కప్పితే చాలు.