ఓడిన్ పేర్లు: నామావళా, మారుపేర్లా?

నీలిసిరా
నార్స్ (పాతకాలపు ఉత్తర ఐరోపా) పురాణకథల్ని మా పిల్లల కోసం తెలుగులో రాస్తున్నాను. "గ్రిమ్నిర్ పలుకులు" అనే పాత కవిత దగ్గర కలం ఆగిపోయింది. తెలియనివాళ్ల కోసం కథ క్లుప్తంగా చెప్తాను. నార్స్ దేవతల్లో పెద్దవాడైన ఓడిన్ నీలి అంగీ కప్పుకుని, గ్రిమ్నిర్ అనే పేరుతో గెయిర్రోద్ రాజు ఇంటికి వస్తాడు. ఎంత అడిగినా ఆ పేరు తప్ప ఇంకేమీ చెప్పడు. రాజు అతన్ని రెండు మంటల మధ్య ఎనిమిది రాత్రులు కూర్చోబెడతాడు. రాజు కొడుకు అగ్నార్, పదేళ్ల పిల్లాడు, కొమ్ము నిండా పానీయం తెచ్చి ఇస్తాడు. అప్పుడు ఓడిన్ నోరు విప్పి లోకాల సంగతులన్నీ చెప్పి, చివర్లో తన పేర్లు డజన్ల కొద్దీ చదువుతాడు. ఆ పేర్లకి అర్థాలు తీసి మన నామావళిలా లయతో రాయాలా, ఉన్నవి ఉన్నట్టు ఉంచేయాలా?

గోదారిగట్టు
సందేహమెందుకండీ? నామావళే. విష్ణువుకి వెయ్యి, ఓడిన్‌కి నూట డెబ్బై దాకా పండితులు లెక్కతేల్చారు. అల్‌ఫాదిర్ అంటే సర్వపిత, సిగ్‌ఫాదిర్ అంటే విజయపిత. పిల్లలకి చెవిన పడగానే తెలిసిపోతుంది. విరాటపర్వం గుర్తు తెచ్చుకోండి. జమ్మిచెట్టు దగ్గర బృహన్నల ఉత్తరుడికి తన పది పేర్లు చెప్పలేదూ? ఉరుము ఉరిమితే "అర్జునా, ఫల్గుణా" అనుకునే ఇళ్లలో పెరిగినవాళ్లం. అచ్చం అదే ఘట్టం.

మంచుదారి
అచ్చం అదే కాదు మాస్టారూ. అర్జునుడు పేర్లు చెప్పింది భయపడుతున్న కుర్రాడికి ధైర్యమివ్వడానికి. ఇక్కడ పేర్లు విన్నాక ఏం జరిగిందో చూడండి. రాజు కూర్చుని ఉన్నాడు, మోకాళ్ల మీద సగం దూసిన కత్తి. వచ్చినవాడు ఓడిన్ అని తెలియగానే అతన్ని మంటల మధ్య నుంచి తప్పిద్దామని గబుక్కున లేచాడు. కత్తి చేజారి పిడి కిందికి, మొన పైకి పడింది. రాజు కాలు తడబడి దాని మీదే పడి చచ్చాడు. ఆ జాబితా స్తోత్రం కాదు, చావుకబురు. ఇంకో మాట, అందులో యాల్క్ అని ఒక పేరుంది. విత్తులు కొట్టిన గుర్రం అని అర్థం. ఏ భక్తుడు ఆ పేరుతో పూజ చేస్తాడు?

పద్యప్రేమి
ఇంగ్లీషులో బుధవారానికున్న వెన్స్‌డే అనే పేరు ఈయనదే. వోడెన్ రోజు.

గోదారిగట్టు
నమకంలో "తస్కరాణాం పతయే నమః" అని రోజూ చదువుతున్నాం. దొంగల నాయకుడికి నమస్కారం! కృష్ణుణ్ణి వెన్నదొంగ అని ముద్దు చేస్తాం. యాల్క్ అన్నంత మాత్రాన దేవుడు తక్కువైపోడు.

మంచుదారి
వెన్నదొంగ దగ్గర ముద్దుంది. బోల్‌వెర్క్ దగ్గర ఏముంది? ఆ పేరుకి కీడు చేసేవాడని అర్థం. ఆ పేరు పెట్టుకుని వెళ్లి, కొడవళ్లు నూరుతానని చెప్పి, ఆకురాయిని గాల్లోకి విసిరి, తొమ్మిదిమంది బానిసలు దానికోసం ఒకరి గొంతు ఒకరు కోసుకునేలా చేశాడు. తాగినవాణ్ణి కవిని చేసే మధువు కోసం, దానికి కాపలా ఉన్న గున్‌లోద్ అనే రాక్షసకన్యని నమ్మించి ఏడిపించాడు. "ఉంగరం మీద ఒట్టేశాడు, ఇతని మాట ఇక ఎలా నమ్మడం" అని అడిగింది నేను కాదు, హావమాల్ అనే పాత కవితే అడిగింది. థోర్‌కి రేవు దాటించనన్నప్పుడు హార్‌బర్ద్ అనే దొంగపేరు చెప్పి, "నా పేరు దాచడం అరుదు" అన్నాడు, సొంత కొడుకుతో! ఇవి మారుపేర్లు మాస్టారూ.

పద్యప్రేమి
పేరు దాచడానికి కారణముంది. ఫాఫ్నిర్ అనే డ్రాగన్‌ని పొడిచాక వీరుడు సిగుర్ద్ తన పేరు చెప్పడు. చావబోయేవాడు శత్రువుని పేరు పెట్టి శపిస్తే తగులుతుందని పూర్వకాలంలో నమ్మేవాళ్లని అక్కడే రాసి ఉంది.

గోదారిగట్టు
అమ్మా, 1220 ప్రాంతంలో ఐస్‌లాండ్ కవి స్నోరి స్టుర్లుసన్ ఈ కథల్ని చెప్పే ఎడ్డా అనే పుస్తకంలో ఇదే ప్రశ్నకి జవాబు రాశాడు. లోకంలో ఎన్నో భాషలున్నాయి, ప్రతి జాతీ పూజకీ ప్రార్థనకీ ఆయన పేరుని తమ నుడిలోకి మార్చుకుంది, అందుకే ఇన్ని పేర్లు అని. ఇంతకన్నా ఏం కావాలి?

మంచుదారి
తర్వాతి వాక్యం కూడా చదవండి. కొన్ని పేర్లు ఆయన ప్రయాణాల్లో వచ్చాయి, ఆ కథలు తెలియకపోతే నువ్వు పండితుడివి కావు అన్నాడు. ఐస్‌లాండ్ క్రైస్తవంలోకి మారి రెండు వందల ఏళ్లు దాటాక రాసినవాడు స్నోరి. ఆ పుస్తకంలో ప్రశ్న అడిగేవాడే మారుపేరుతో వచ్చాడు. గ్యుల్ఫి రాజు తన పేరు గాంగ్లెరి అని చెప్పుకున్నాడు, అదీ ఓడిన్ పేరే. మీకు మన పూసలు తీసుకెళ్లి వేరేవాళ్ల విగ్రహానికి వేయాలన్న తొందర తప్ప కవిత అక్కర్లేదు.

గోదారిగట్టు
ముప్పై ఏళ్లు తెలుగు పాఠం చెప్పినవాణ్ణి. కవిత అక్కర్లేదన్న మాట ఇంతవరకు ఎవరూ అనలేదు. మనకి తెలిసినదాని పక్కన పెట్టి చూసుకోకుండా కొత్తది ఎవరికి అర్థమవుతుంది?

చిరుగాలి
ఇద్దరూ కాస్త తగ్గండి.

మంచుదారి
తగ్గను. నా సంగతి చెప్తాను. మా ఆడపడుచుదీ నాదీ ఒకే పేరు. పెళ్లైన వారానికే నాకు పేరు మార్చారు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒకటి, రేషన్ కార్డులో ఇంకొకటి. పాస్‌పోర్ట్ కోసం అఫిడవిట్లు పట్టుకుని ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. ఇరవై రెండేళ్లుగా నేను పెట్టుకోని పేరుకి పలుకుతున్నాను. ఓడిన్ పేర్లు అలా కాదు. ఏది ఎప్పుడు వేసుకోవాలో, ఎప్పుడు విప్పాలో ఆయన చేతిలోనే ఉంది. ఆ కవిత నాకు అందుకే ప్రాణం. దాన్ని హారతిపాట చేస్తుంటే చూస్తూ ఊరుకోలేను.

గోదారిగట్టు
ఇది ముందే చెప్పి ఉంటే నేను యాల్క్ గురించి అంత వాదించేవాణ్ణి కాదు.

నాదీ చెప్తాను. మా అమ్మ చివరి నెలల్లో నన్ను గుర్తుపట్టలేదు. ఒకరోజు మా అన్న పేరు పెట్టి పిలిచింది, ఒకరోజు తన తమ్ముడి పేరుతో. జీవితంలో ఎన్నడూ నోట పలకని మా నాన్న పేరుతో కూడా పిలిచింది. అన్నిటికీ "ఆఁ, అమ్మా" అన్నాను. పేరు పెట్టుకున్నవాడిది కాదు, పిలిచినవాళ్లది అనే నమ్మకం నాకు అక్కడ కలిగింది. మీకు అది బలవంతంగా తగిలించిందైంది. నాకు అలా కాలేదు.

పద్యప్రేమి
మూలంలో రెండూ ఉన్నాయి. ముందున్న వచనంలో తన పేరు గ్రిమ్నిర్ అని ఆయనే చెప్పుకున్నాడని ఉంటుంది. పాటలో మాత్రం "గెయిర్రోద్ దగ్గర నన్ను గ్రిమ్నిర్ అన్నారు, ఆస్మున్ద్ దగ్గర యాల్క్ అన్నారు" అంటాడు.

మంచుదారి
"అన్నారు" అన్న మాట నేను ఇన్నాళ్లూ దాటేసి చదివాను. అయినా ఒకటి ఒప్పుకోండి మాస్టారూ, అగ్నార్ కొమ్ము ఇచ్చేటప్పుడు పేరు అడగలేదు. ఊరికే మనిషిని హింసించడం తప్పన్నాడు, అంతే.

గోదారిగట్టు
అది ఒప్పుకుంటాను.

నీలిసిరా
అయితే ఇలా చేస్తాను. ఎనిమిది రాత్రులూ గ్రిమ్నిర్ గ్రిమ్నిర్‌గానే ఉంటాడు, అర్థం చెప్పను. పేర్లు విప్పే చోట మాత్రం పేరూ, దాని కథా ఒక్కో వాక్యంలో. యాల్క్‌ని తీసేయను. మొదటి రెండు పాదాలు చూడండి:

ఒకే పేరుతో ఎన్నడూ లేను
జనంలో నడిచిన నాటినుంచీ

గోదారిగట్టు
"నడిచిన" కన్నా "మసలిన" నయం. నడిచి దాటిపోలేదు కదా, వాళ్ల మధ్యే ఉన్నాడు.

మంచుదారి
"మసలిన" అనే పెట్టండి.