లాంగ్ పోలింగ్ రిక్వెస్ట్ వల్ల హోమ్ అసిస్టెంట్ మొత్తం స్తంభించిపోతోంది

ప్రశ్న: ఇంట్లోని స్మార్ట్ పరికరాల్ని నడిపే హోమ్ అసిస్టెంట్ సాఫ్ట్‌వేర్‌కి ఒక కస్టమ్ ఇంటిగ్రేషన్ (నా డివైస్‌ని దానికి కలిపే కోడ్) రాస్తున్నానండీ. డివైస్‌ది లాంగ్ పోలింగ్ పద్ధతి, అంటే మనం రిక్వెస్ట్ పంపితే ఏదైనా మార్పు జరిగేదాకా జవాబివ్వకుండా అలాగే పట్టుకుని ఉంటుంది. రిక్వెస్ట్ పంపడానికి పైథాన్‌లోని రిక్వెస్ట్స్ లైబ్రరీ వాడుతున్నాను. అంతసేపూ వేరే లైట్లు కూడా పలకవు. దాన్ని వేరే థ్రెడ్‌లో (పక్కన విడిగా నడిచే పనిగా) పెడితే సరిపోతుందా?

జవాబు: లైట్లు పలుకుతాయి కానీ అక్కడితో ఆగకండి. హోమ్ అసిస్టెంట్‌లో దాదాపు పనంతా ఒకే ఈవెంట్ లూప్ (పనుల్ని వంతులవారీగా నడిపే చక్రం) మీద నడుస్తుంది, రిక్వెస్ట్స్ లైబ్రరీ జవాబొచ్చేదాకా దాన్ని కదలనివ్వదు. థ్రెడ్‌కి పంపితే లూప్ ఖాళీ అవుతుంది గానీ, ఎదురుచూస్తూ కూర్చున్న థ్రెడ్‌ని బయటినుంచి ఆపే దారి పైథాన్‌లో లేదు, మీరు ఇంటిగ్రేషన్ రీలోడ్ చేసినా పాతది అలాగే వేలాడుతుంటుంది, పైగా ఆ థ్రెడ్ వచ్చే గుంపు (థ్రెడ్ పూల్) అన్ని ఇంటిగ్రేషన్లకీ ఉమ్మడిది.

లూప్‌ని ఆపకుండా రిక్వెస్టులు పంపే పైథాన్ లైబ్రరీ ఏఐఓహెచ్‌టీటీపీ (aiohttp)కి మారండి. హోమ్ అసిస్టెంట్ ఇచ్చే ఉమ్మడి సెషన్‌నే వాడుకోవచ్చు. రిక్వెస్ట్ పంపే కోడ్‌ని కాన్ఫిగ్ ఎంట్రీకి (హోమ్ అసిస్టెంట్‌లో మీ ఇంటిగ్రేషన్ సెటప్ నమోదుకి) చెందిన బ్యాక్‌గ్రౌండ్ టాస్క్‌గా నడపండి. మామూలు టాస్క్ అయితే అది పూర్తయ్యేదాకా స్టార్టప్ ఎదురుచూస్తుంది, మీదేమో ఎప్పటికీ పూర్తికాని పని. బ్యాక్‌గ్రౌండ్ టాస్క్‌కి ఆ బాధ లేదు, ఎంట్రీ అన్‌లోడ్ అయితే దానంతటదే క్యాన్సిల్ అవుతుంది.

ప్రశ్న: మార్చానండీ, స్విచ్‌లన్నీ వెంటనే పలుకుతున్నాయి, చాలా థాంక్స్! కానీ మార్పులేమీ లేకపోతే సరిగ్గా 5 నిమిషాలకి టైమౌట్ ఎర్రర్ వస్తోంది.

జవాబు: ఏఐఓహెచ్‌టీటీపీ డిఫాల్ట్ అదే, మొత్తం 300 సెకన్లు. ఈ ఒక్క రిక్వెస్ట్‌కి టోటల్ టైమౌట్ తీసేసి, సాకెట్ రీడ్ టైమౌట్‌ని (డేటా ఏదీ రాకుండా ఎదురుచూసే గడువుని) మాత్రం డివైస్ పట్టుకుని ఉంచే సమయం కంటే కాస్త ఎక్కువ పెట్టండి. దయచేసి రెండూ తీసేయకండి! రౌటర్ రీస్టార్ట్ అయినప్పుడు కనెక్షన్ తెగిన సంగతి మన వైపు తెలియక, ఎప్పటికీ రాని జవాబు కోసం కూర్చుంటుంది, లాగ్‌లో ఒక్క ఎర్రర్ కూడా కనబడదు.

టైమౌట్ అయితే వెంటనే మళ్లీ అడగండి. కనెక్షనే కుదరకపోతే 1, 2, 4 సెకన్లు అలా పెంచుకుంటూ 60 దగ్గర ఆపండి, కుదిరాక మళ్లీ 1కి తీసుకురండి. ఎర్రర్లు పట్టుకునేచోట ఏ ఎర్రరో చెప్పని ఉత్త ఎక్సెప్ట్ (except:) రాయొద్దు, అది క్యాన్సిల్‌ని కూడా మింగేస్తుంది, టాస్క్ ఆగదు.

ఇంకోటి, రెండు రిక్వెస్టుల మధ్య సందులో జరిగిన మార్పు జారిపోవచ్చు. డివైస్ ప్రతి జవాబుతో వరుస సంఖ్య ఏదైనా పంపుతుంటే తర్వాతి రిక్వెస్ట్‌లో దాన్ని తిరిగివ్వండి, లేకపోతే కనెక్షన్ తెగి కలిసిన ప్రతిసారీ ముందు పూర్తి స్టేటస్ ఒకసారి తెచ్చుకుని తర్వాతే ఎదురుచూడటం మొదలుపెట్టండి.