మరియమ్మ చివరి రోజులు ఎఫెసులోనా, యెరూషలేములోనా?

ప్రయాణాలపిచ్చి: పోయిన నెల టర్కీ వెళ్లొచ్చాం. ఎఫెసు శిథిలాల దగ్గర కొండ మీద చిన్న రాతి ఇల్లుంది. యేసు తల్లి చివరి రోజులు గడిపింది అక్కడేనని గైడు ఖరారు చేసేశాడు. మా అత్తగారు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. మా బావేమో యెరూషలేములో గెత్సేమనే పక్కన ఆవిడ సమాధే చూశానంటాడు. ఏది నిజం?

కొండవీడు: యెరూషలేమే. ఆ ఇంటి కథంతా జర్మనీలో మంచం పట్టిన ఎమెరిక్ అనే సన్యాసిని దర్శనాల నుంచి వచ్చింది. ఆవిడ 1824లో పోయింది, ఎఫెసు మొహం కూడా చూడలేదు. ఆ వర్ణన పట్టుకుని 1891లో దగ్గర్లోని ఇజ్మీరు నగరం ఫాదర్లు కొండెక్కి "ఇదే" అన్నారు. ఇప్పుడు కనిపించే గోడల్లో ఎక్కువ భాగం మరియమ్మ తర్వాత కొన్ని వందల ఏళ్లకు కట్టినవి.

గుణదల కొండ: అన్నా, ఫాదర్లు వెళ్లేసరికే ఆ చుట్టుపక్కల గ్రీకు క్రైస్తవులు ఏటా ఆగస్టు 15న, మరియమ్మ పండగ రోజు, అక్కడికి వెళ్లి మొక్కుకుంటున్నారు. వాళ్లు ఎమెరిక్ పుస్తకం చదివారంటారా? పైగా సిలువ మీద నుంచి యేసు తల్లిని కొడుకులా చూసుకోమని అప్పగించింది శిష్యుడు యోహానుకి. ఆ యోహాను ఎఫెసులోనే ఉన్నాడని పాత నమ్మకం, ఆయన సమాధి మీద జస్టీనియన్ చక్రవర్తి పెద్ద గుడే కట్టించాడు. కొడుకు ఒక ఊళ్లో, తల్లి ఒక ఊళ్లోనా? మరియమ్మకు "దేవుని తల్లి" అన్న బిరుదు ఖాయం చేసిన 431 నాటి బిషపుల మహాసభ జరిగింది కూడా ఎఫెసులో, ఆవిడ పేరున్న చర్చిలోనే.

కొండవీడు: ఆ సభ రాసిన లేఖనే చూడు తమ్ముడూ. ఎఫెసు గురించి చెబుతూ "అక్కడ యోహాను, దేవమాత మరియ" అని క్రియ లేకుండా వదిలేశారు. నివసించారనా, వాళ్ల పేరు మీద చర్చిలున్నాయనా? ఎన్నో ఏళ్లుగా పండితులు కొట్టుకుంటోంది ఆ లేని క్రియ కోసమే. అంతకు ముందే, 4వ శతాబ్దంలో, ఎపిఫానియస్ బిషపు మరియ యోహానుతో ఆసియాకు (అంటే ఎఫెసు ఉన్న రోమా రాష్ట్రానికి) వెళ్లిందని లేఖనంలో ఎక్కడా లేదనీ, ఆవిడ అంతం ఎవరికీ తెలియదనీ రాసిపెట్టాడు. ఆయన పుట్టి పెరిగింది పాలస్తీనాలోనే.

గుణదల కొండ: మీ వేలితో మీ కన్నే పొడుచుకున్నారు! పాలస్తీనా మనిషికే తెలియదంటే అప్పటికి యెరూషలేములో సమాధి ప్రచారం కూడా లేనట్టే కదా?

కొండవీడు: ఒప్పుకున్నా. సమాధి మాట గట్టిగా వినబడేది 5వ శతాబ్దం నుంచే. అయినా బైబిలు ఆవిడ పేరెత్తే చివరి చోటు అపొస్తలుల కార్యములు 1:14. అక్కడ ఆవిడ ఉన్నది యెరూషలేములో. కదిలి వెళ్లిందనేవాళ్లే సాక్ష్యం తేవాలి.

ప్రయాణాలపిచ్చి: మరి పోపులు వెళ్లారుగా? 1967లో ఆరవ పౌలు, 1979లో రెండో జాన్ పాల్, 2006లో పదహారో బెనెడిక్ట్.

కొండవీడు: వెళ్లారు, ప్రార్థన చేశారు. ఇది ఆ ఇల్లేనని రోమ్ మాత్రం ఇంతవరకు అధికారికంగా తేల్చలేదు.

ప్రయాణాలపిచ్చి: అయితే ఈ చర్చ అత్తగారికి చూపించను. అక్కడి ఊటనీళ్లు రెండు సీసాలు పట్టుకొచ్చారు. ఫ్రిజ్‌లో పెట్టి, రోజూ మూత తీసి తలా ఒక చుక్క పోస్తున్నారు. నిన్న బావ కూడా చెయ్యి చాపాడు.