మూడు తూటాలూ ఒకే బొక్కలో పడ్డాయి, వారం తిరిగేసరికి పడట్లేదు

అన్నలూ, ఉండేది డాలస్ దగ్గర. 6.5 క్రీడ్‌మూర్ అనే సైజు తూటా కాల్చే రైఫిల్, 140 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే చిన్న బరువు కొలత) బుల్లెట్, హెచ్4350 అనే తుపాకీ మందు. సొంతంగా తూటాలు కట్టుకోవడం మొదలుపెట్టి నాలుగు నెలలు. మందు 0.1 గ్రెయిన్ చొప్పున పెంచుతూ ఒక్కో కొలతకి మూడేసి కాల్చాను. ఒకచోట 100 గజాల్లో మూడూ ఒకే బొక్క! సంబరపడి అదే కొలతతో 100 కట్టాను. పోయిన శనివారం అంగుళం పైనే చెదిరాయి. ఎక్కడ తప్పింది?

— తమ్ముడూ, ఎక్కడా తప్పలేదు, నువ్వు మూడు తూటాల్ని నమ్మావు అంతే. అదే తూటాలు మూడేసి చొప్పున పదిసార్లు కాల్చు, ఒకసారి ఒకే బొక్క, ఇంకోసారి అంగుళం. పైగా ఈ సైజు తూటాలో 0.1 గ్రెయిన్‌కి మారేది సెకనుకు ఐదారు అడుగుల వేగం, బాగా కట్టిన తూటాల మధ్య కూడా అంతకన్నా ఎక్కువ తేడానే ఉంటుంది కాబట్టి నువ్వు చూసిన ‘మంచి కొలత’ చాలావరకు అదృష్టమే. 0.3 చొప్పున మార్చు, ఒక్కోటి కనీసం పది కాల్చు. లోడింగ్ మాన్యువల్లో ఇచ్చిన కనీస మందు కొలత దగ్గర మొదలుపెట్టు, పై హద్దు దాటొద్దు. కాల్చాక రైఫిల్ బోల్ట్ పిడి ఎత్తడం బరువైతే లోపల ఒత్తిడి ఎక్కువైనట్టే, ఆ రోజుకి అక్కడే ఆపెయ్, మిగిలినవి ఇంటికి తెచ్చి విప్పేసుకో.

— మరి చిన్న పొరపాట్లని కాచుకునే లోడ్ (మందు, బుల్లెట్ కొలతల కూర్పు) అంటారు కదా, అదెలా తెలుస్తుంది అన్నా?

— ఒక కొలత తీసుకుని దానికి 0.3 కింద, 0.3 పైన కూడా పదేసి కాల్చు. టార్గెట్ మీద బొక్కల గుంపులు మూడూ దాదాపు ఒకే సైజులో, ఒకే చోట ఉంటే అదే. గుంపు కాస్త పెద్దదైనా నేనైతే దాన్నే తీసుకుంటా. బుల్లెట్ లోతు కూడా అంతే, ల్యాండ్స్‌కి (బారెల్ లోపలి మెలికల గట్లకి) బుల్లెట్ ఆనేలా కట్టకు, 0.020 అంగుళం దూరంతో మొదలుపెట్టు. బారెల్ అరిగేకొద్దీ ల్యాండ్స్ ముందుకి జరుగుతాయి, వాటి వెనకాల నువ్వెన్నిసార్లు పరిగెడతావ్? ఇంకోటి, ఆగస్టు ఎండలో తూటాలు కారులో వదిలేయకు, వేడెక్కిన ఛాంబర్‌లో (బారెల్‌లో తూటా కూర్చునే చోట) తూటా పెట్టుకుని గురి చూస్తూ కూర్చోకు. హెచ్4350 వేడికి పెద్దగా మారదు కానీ అసలు మారదని కాదు. 1000 గజాల్లో సెకనుకు పది అడుగుల తేడా అంటే పైకో కిందకో సుమారు రెండున్నర అంగుళాలు.

— నేను మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. త్రాసు చూసుకున్నావా? నా ఎలక్ట్రానిక్ త్రాసు మీద ఖాళీ పళ్లెం పెడితే గంటలో 0.4 గ్రెయిన్ జరిగిపోయేది. నెల రోజులు మందుని తిట్టాను, మందుని అంటించే ప్రైమర్‌ని తిట్టాను, చివరికి చూస్తే పైనున్న ఏసీ గాలి. ఇప్పుడు ప్రతి పది తూటాలకీ ఒకసారి చెక్ బరువు (కచ్చితమైన బరువు తెలిసిన చిన్న రాయి) పెట్టి చూస్తా.

— అయ్యో. నా టేబుల్ సరిగ్గా ఏసీ వెంట్ కిందే ఉంది.