ట్రాక్ మీద నడిపిన పోలో జీటీని సెకండ్ హ్యాండ్‌లో కొనవచ్చా?

నల్లగొండవాసి:

అందరికీ నమస్కారం. ఫోక్స్‌వ్యాగన్ పోలో కారు తయారీ మన దేశంలో 2022లో ఆగిపోయినప్పటి నుంచి, అందులో టర్బో పెట్రోల్ మోడలైన జీటీ టీఎస్‌ఐ మంచిది ఒకటి దొరుకుతుందేమోనని వెతుకుతున్నాను. ఇప్పుడు రెండు బండ్లు చూసి పెట్టుకున్నాను. మొదటిది 2017 నాటి తమిళనాడు బండి. దానిని ఇరుంగట్టుకోట్టై రేసు ట్రాక్‌కు తీసుకెళ్లేవాడినని యజమాని తానే చెప్పి, బిల్లుల ఫైలు మొత్తం నా ముందు పెట్టారు. రెండవది హైదరాబాదులో ఒక డీలరు దగ్గర ఉంది. అది ఆఫీసుకు, ఇంటికి తప్ప మరెక్కడికీ తిరగలేదని, కిలోమీటర్లు కూడా తక్కువని ఆయన అంటున్నారు గానీ సర్వీసు రికార్డు సగమే ఉంది. రెండింటిలోనూ 1.2 లీటర్ల టర్బో ఇంజను, ఏడు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) గేర్‌బాక్సే ఉన్నాయి. ట్రాక్ అన్న మాట వినగానే ఇంట్లో అందరూ వద్దంటున్నారు. నాకు మాత్రం ఆ ఫైలు చూశాక మొదటి బండి మీదే మనసు పోతోంది. అనుభవం ఉన్నవారు సలహా ఇవ్వగలరు.

పాలమూరు గ్యారేజీ:

తమ్ముడూ, మీ మనసు తప్పు దారిలో ఏమీ పోవడం లేదు. అయితే ఫైలులో ఏముందో చూడకుండా మాట ఇచ్చేయకండి.

ముందుగా గేర్‌బాక్సు సంగతి చెబుతాను, ఎందుకంటే ఈ బండిలో పెద్ద ఖర్చు తెచ్చేది అదే. ఇందులో ఉన్నవి ఆయిల్‌లో మునగని పొడి క్లచ్‌లు. బండి వేగంగా పోతున్నప్పుడు క్లచ్ పూర్తిగా పట్టుకొని ఉంటుంది కాబట్టి అరుగుదల తక్కువ. నిలబడిన బండిని ఒక్కసారిగా దూకించినా, ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం కదిలించినా క్లచ్ జారుతూ వేడెక్కుతుంది. ఎల్బీనగర్ నుంచి పంజాగుట్ట దాకా రోజూ పాకిన బండికి, ట్రాక్ మీద ఓపెన్‌గా తిరిగిన బండి కంటే క్లచ్ ఎక్కువ అరిగి ఉండే అవకాశం ఉంది. కాబట్టి ఆఫీసు బండి అన్న ఒక్క మాటకే డీలరు అడిగిన ధర ఇవ్వవలసిన పని లేదు.

ట్రాక్ బండికి దెబ్బ తగిలేది బ్రేకులకు, టైర్లకు, వీల్ బేరింగ్‌లకు, ఇంజన్ మౌంటింగ్‌లకు. అవన్నీ మార్చుకోగల సామాన్లే. ఇంజను లోపల భయపడవలసింది ఒక్కటే. పొడవైన మలుపులో వేగంగా తిప్పినప్పుడు సంపులోని (ఇంజను అడుగు తొట్టిలోని) ఆయిల్ ఒక పక్కకు ఒరిగిపోయి పంపు గాలిని పీలుస్తుంది, ఆ కొద్ది క్షణాల్లోనే క్రాంక్ బేరింగ్‌లు దెబ్బ తినవచ్చు. అందుకే ఫైలులో ఆయిల్ బిల్లుల తేదీలు వరుసగా పెట్టి చూడండి. కంపెనీ చెప్పే గడువు 15,000 కిలోమీటర్లు లేదా ఏడాది. ట్రాక్‌కు వెళ్లిన మనిషి అంతకంటే చాలా ముందే ఆయిల్ మార్పించి, లెవల్ కూడా నిండుగా ఉంచుకొని ఉండాలి. అలా ఉంటే ఆయన బండిని ప్రేమగా చూసుకున్నట్టే.

సూర్యాపేట శ్రోత:

నేను ఏకీభవించను. పాలమూరు అన్న చెప్పినదంతా నిజమే కావచ్చు, కానీ నల్లగొండలో డీఎస్‌జీ విప్పగల షెడ్డు ఎక్కడ ఉంది? ఏ చిన్న పని పడినా బండిని వంద కిలోమీటర్లు హైదరాబాదుకు మోయించాలి. పైగా ఎండాకాలంలో మన దగ్గర 44, 45 డిగ్రీలు దాటుతుంది. రోజువారీ అవసరానికి మాన్యువల్ గేర్లున్న బండి చూసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

కోదాడ ఆర్‌సీ:

కాగితాల గురించి ఎవరూ చెప్పలేదు కనుక నేను చెబుతాను. తమిళనాడు బండి కాబట్టి అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్‌వోసీ (బండిని వేరే రాష్ట్రానికి మార్చడానికి అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకోవాలి, బండి మీ పేరుకు మారడానికి ఫారం 29, 30 మీద యజమాని సంతకాలు చేయించుకోవాలి, అప్పు ఉండి తీరిపోయినట్లయితే ఫారం 35 కూడా ఉండాలి. ఇక్కడ బండి ధర, వయసును బట్టి తెలంగాణ లైఫ్ ట్యాక్స్ కట్టాక టీజీ 05 నంబరు వస్తుంది. ఆ పన్నును ముందే లెక్క వేసుకొని ధర మాట్లాడండి. కొన్న 14 రోజుల్లోగా ఇన్సూరెన్సును మీ పేరుకు మార్చమని దరఖాస్తు చేయడం మరచిపోకండి.

ఇంకొక ముఖ్యమైన విషయం. మన ప్రైవేటు కారు పాలసీలలో రేసింగ్‌కు, స్పీడ్ టెస్టింగ్‌కు కవరు ఉండదు. ట్రాక్ మీద గోడకు తగిలినా చాలామంది క్లెయిము వేయకుండా సొంత డబ్బుతోనే బాగు చేయించుకుంటారు. అందువల్ల క్లెయిములు లేవన్నంత మాత్రాన బండికి దెబ్బ తగలలేదని అనుకోకూడదు. పెయింటు మందం కొలిచే మీటరుతో ప్రతి ప్యానెలూ చూపించండి, బానెట్ ఎత్తి ఫెండర్ బోల్టుల మీద పానా గుర్తులు ఉన్నాయేమో గమనించండి.

నల్లగొండవాసి:

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. పాలమూరు అన్నగారూ, రెండు బండ్లనూ చూడడానికి వెళ్లినప్పుడు నా కళ్లతో నేను ఏమేమి చూసుకోవాలి?

పాలమూరు గ్యారేజీ:

చక్రం విప్పించి డిస్కును వెలుతురులో చూడండి. నీలం రంగు తేలినా, మధ్య నుంచి అంచుకు వెంట్రుక లాంటి పగుళ్లు కనిపించినా ఆ డిస్కు బాగా కాలిందని అర్థం, దాని ధర తగ్గించి అడగండి. బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో కూడా అడగాలి. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, అదే తేమ పీల్చుకున్న తర్వాత 155 డిగ్రీలకే మరిగే స్థితికి రావచ్చు, అప్పుడు పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది.

టైర్లు కొత్తవి వేసి అమ్ముతారు కాబట్టి వాటిని చూసి ఏమీ తేల్చుకోలేరు. చక్రం పైన మడ్‌గార్డు లోపల చెయ్యి పెట్టి తడమండి. ట్రాక్ మీద కరిగిన రబ్బరు ముక్కలు అక్కడ అతుక్కొని ఉంటాయి, కడిగినా త్వరగా పోవు. ఆఫీసు బండి అన్నదానిలో కూడా ఈ పని చేయండి, ఎందుకంటే దాచి అమ్మే బండ్లే ఎక్కువ ప్రమాదం. సీటు కింద కార్పెట్ ఎత్తి, రేసు బెల్టుల కోసం వేసిన రంధ్రాలు పూడ్చినట్టు ఉందేమో చూడండి.

నడిపేటప్పుడు అద్దాలు మూసి, పాటలు ఆపి, 80 మీద స్టీరింగును కొద్దిగా అటూ ఇటూ తిప్పండి. ఒక వైపు తిప్పినప్పుడు హోరు పెరిగి, మరో వైపు తగ్గితే వీల్ బేరింగ్ పోయినట్టే. డీఎస్‌జీ బండి ఎత్తు రోడ్డు మీద ఆగి కదిలేటప్పుడు వణుకుతోందేమో చూడండి. చివరగా రెండు బండ్లనూ ఈ కంపెనీ బండ్ల స్కానరు ఉన్న షెడ్డుకు తీసుకెళ్లి గేర్‌బాక్సు తప్పుల రికార్డును, ఇంజను కంప్యూటరులో ప్రోగ్రాము మార్చిన గుర్తులను చదివించండి. సూర్యాపేట తమ్ముడి మాట కూడా తీసిపారేయకండి. మొదటి బండి అన్నింటిలో నెగ్గినా, క్లచ్ పని పడితే కట్టగలిగినంత డబ్బు పక్కన పెట్టుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి. డీలరు స్కానింగుకు ఒప్పుకోకపోతే ఆ రెండవ బండిని అక్కడే వదిలేయండి.