179డి: లైట్లు మార్చినందుకు చదరపు అడుక్కి 5.81 డాలర్లు వస్తాయంటున్నారు, నిజమేనా?

క్లీవ్‌లాండ్_డాక్టర్

అందరికీ నమస్తే. 179డి అంటే బిల్డింగ్‌లో ఎనర్జీ ఆదా చేసే పనులకి అమెరికా ట్యాక్స్ చట్టంలో ఉన్న డిడక్షన్ (ట్యాక్స్ పడే ఆదాయంలోంచి తీసేసే మొత్తం) అట. ఒహాయోలో మాకు రెండంతస్తుల మెడికల్ ఆఫీస్ బిల్డింగ్ ఉంది. 1998లో కట్టినది, 22,000 చదరపు అడుగులు. నాదీ మా ఆవిడదీ కలిపి ఎల్‌ఎల్‌సీ పేరు మీద ఉంది. కింద నా క్లినిక్ (అది వేరే కంపెనీ, ఎల్‌ఎల్‌సీకి అద్దె కడుతుంది), పైన ఇద్దరు టెనెంట్లు.

2025 అక్టోబరులో లోపలి లైట్లన్నీ ఎల్‌ఈడీకి మార్పించాం. 38 వేల డాలర్లు అయ్యింది. పార్కింగ్ లాట్ స్తంభాల లైట్లకి విడిగా ఇంకో 9 వేలు. ఇప్పుడు ఆ కాంట్రాక్టరే ఎనర్జీ ఆదా లెక్కగట్టే ఒక స్టడీ కంపెనీని తీసుకొచ్చి, "179డి కింద 22,000 ఇంటూ 5.81, అంటే లక్షా 27 వేల డిడక్షన్, మా ఫీజు 6,500 మాత్రమే" అంటున్నాడు. ఖర్చు పెట్టింది 38 వేలైతే లక్షా 27 వేలు ఎలా తీసేస్తారో నాకు అర్థం కాలేదు. ఈ వేసవిలో మేడ మీద ఏసీ యూనిట్లు కూడా మార్చాలి, కొటేషన్ 94 వేలు. మా సీపీఏ (ట్యాక్స్ అకౌంటెంట్) "నేనెప్పుడూ చేయలేదు" అని ఊరుకున్నాడు. తెలిసినవాళ్లు చెప్పండి.

మోడల్_కట్టే_పీఈ

డాక్టర్ గారూ, ఈ స్టడీలు చేయడమే నా వృత్తి. అయినా చెప్తున్నాను, లైట్ల కోసం చేయించకండి.

మీ అనుమానం సరైనదే. ఖర్చు పెట్టినదాన్ని మించి డిడక్షన్ ఉండదు. లక్షా 27 వేలన్న మాట అక్కడే పడిపోయింది.

ఇక 5.81 సంగతి. అది 2025కి పై హద్దు. అంత రావాలంటే బిల్డింగ్ మొత్తం ఏడాది ఎనర్జీ ఖర్చు రిఫరెన్స్ బిల్డింగ్ కంటే 50 శాతం తగ్గాలి. పైగా పనిచేసినవాళ్లకి డేవిస్-బేకన్ రేట్ల (గవర్నమెంట్ పనులకి నిర్ణయించే కూలీ రేట్లు) ప్రకారం జీతాలిచ్చి, అప్రెంటిస్ నిబంధన (కొంత పని శిక్షణలో ఉన్నవాళ్లతో చేయించాలన్నది) పాటించి, ఆ రికార్డులన్నీ ఉంచుకోవాలి. జీతాల షరతు తప్పితే రేటు ఐదో వంతుకి పడిపోతుంది: 58 సెంట్ల నుంచి 1.16 డాలర్ల వరకు. మీ కాంట్రాక్టర్‌ని పేరోల్ రికార్డులు అడగండి, మొహం ఎలా పెడతాడో చూద్దాం.

చాలామంది పొరబడేది రిఫరెన్స్ బిల్డింగ్ దగ్గర. పోల్చేది మీ పాత కరెంటు బిల్లుతో కాదు. ఆష్రే (అమెరికా ఏసీ-హీటింగ్ ఇంజినీర్ల సంఘం) 90.1-2007 ఎనర్జీ ప్రమాణం ప్రకారం కట్టి ఉంటే మీ బిల్డింగ్ ఎలా ఉండేదో, దానితో. ఆ ప్రమాణంలోనే లైటింగ్ వాట్లకి పరిమితి ఉంది. అందుకని పాత ట్యూబ్‌లైట్లు తీసేసినప్పుడు బిల్లులో కనిపించిన తగ్గుదల స్టడీకి కట్టే కంప్యూటర్ మోడల్‌లో కనిపించదు. లైట్లొక్కటే మొత్తం బిల్డింగ్ ఎనర్జీ ఖర్చుని కనీస హద్దైన 25 శాతం మేర తగ్గించడం ఆఫీసు బిల్డింగ్‌లో చాలా కష్టం. అయిదేళ్లు దాటిన బిల్డింగులకి సొంత వాడకంతోనే పోల్చే ఇంకో దారి ఉంది గానీ, దానికి పని పూర్తయ్యేలోపే పాత వాడకాన్ని సర్టిఫై చేయించి ఉండాలి. మీకది దాటిపోయింది.

స్తంభాల లైట్లు అసలు లెక్కలోకే రావు. 179డిలో ఉన్నది లోపలి లైటింగ్, ఏసీ-హీటింగ్-వేడినీళ్లు, బిల్డింగ్ గోడలూ పైకప్పూ. అంతే.

సీపీఏ_అక్క

పైన చెప్పినదంతా నిజం. అసలు ఆ 38 వేలకి 179డి అక్కర్లేదండీ. వాడకంలో ఉన్న కమర్షియల్ బిల్డింగ్ లోపల చేసిన పని కాబట్టి అది క్వాలిఫైడ్ ఇంప్రూవ్‌మెంట్ ప్రాపర్టీ. 2025 జనవరి 19 తర్వాత కొన్నదానికి వంద శాతం బోనస్ డిప్రిసియేషన్ (ఖర్చుని ఏళ్లకేళ్లు పంచకుండా మొదటి ఏడాదే తీసేయడం) తిరిగొచ్చింది. మొత్తం 2025 రిటర్న్‌లోనే తీసేయొచ్చు, ఇంజినీరూ వద్దు, 6,500 ఫీజూ వద్దు. పార్కింగ్ లైట్లు 15 ఏళ్లలో తీసేసే ల్యాండ్ ఇంప్రూవ్‌మెంట్, వాటికీ బోనస్ ఉంది.

ఒక్కటి మాత్రం చూసుకోండి. ఎల్‌ఎల్‌సీ అద్దె ఆదాయాన్ని మించి నష్టం చూపితే మామూలుగా అది పాసివ్ నష్టం, క్లినిక్ సంపాదన మీద కొట్టేయనివ్వరు, ముందుకి మోసుకెళ్లాలి.

ఇంకోటి, ఎవరూ అడగరు గానీ బంగారం లాంటిది: పీకేసిన పాత ఫిక్చర్ల మీద మిగిలిన డిప్రిసియేషన్. బిల్డింగ్ కొన్నప్పటి ధరలో వాటి వాటా ఎంతో తేల్చి, పార్షియల్ డిస్పోజిషన్ ఎలక్షన్‌తో (బిల్డింగ్‌లో కొంత భాగం పీకేశామని రిటర్న్‌లో చూపే ఎంపిక) తీసేయొచ్చు. అది ఆ ఏడాది రిటర్న్‌లో గడువులోగా చేస్తేనే. మీ 1065 (పార్ట్‌నర్‌షిప్ రిటర్న్) గడువు మార్చి మధ్యలో ఉంది కదా, ఇప్పుడే మీ సీపీఏకి చెప్పండి.

గుడి_కమిటీ_మెంబర్

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. మా గుడికి కొత్త హాలు కడుతున్నాం, ఆర్కిటెక్ట్ 179డి లెటర్ మీద సంతకం పెట్టమంటున్నాడు. గుడికి ట్యాక్సే లేదు కదా, ఇందులో మాకేంటి?

సీపీఏ_అక్క

ట్యాక్స్ లేని సంస్థలు ఆ డిడక్షన్‌ని డిజైనర్‌కి రాసివ్వొచ్చు. 2023 నుంచి నాన్-ప్రాఫిట్లకీ ఆ వీలొచ్చింది. గుడికి నేరుగా ఏమీ రాదు, కాబట్టి సంతకానికి ముందు ఫీజు తగ్గించమని అడగండి. ఉత్తగా బిగించి పోయిన కాంట్రాక్టర్‌కి రాసివ్వకండి, డిజైన్ చేసినవాళ్లకే.

క్లీవ్‌లాండ్_డాక్టర్

ఇద్దరికీ చాలా థాంక్స్. మరి ఏసీ యూనిట్ల సంగతేంటి? వాటికీ బోనస్ వస్తుందా?

సీపీఏ_అక్క

రాదు. మేడ మీదవి బిల్డింగ్ లోపలివి కావు కాబట్టి బోనస్ లేదు. సెక్షన్ 179లో (179డి కాదు, ఖర్చుని ఒకే ఏడాదిలో తీసేయనిచ్చే వేరే సెక్షన్) ఏసీలకి చోటుంది గానీ, అద్దెకిచ్చే ఎల్‌ఎల్‌సీకి నాన్-కార్పొరేట్ లెస్సర్ నిబంధన (కార్పొరేషన్ కాకుండా అద్దెకిచ్చేవాళ్ల మీద ఉన్న పరిమితి) అడ్డొస్తుంది. చివరికి 39 ఏళ్ల డిప్రిసియేషనే, ఏడాదికి దాదాపు 2,400.

మోడల్_కట్టే_పీఈ

179డి గురించి ఆలోచించాల్సింది అక్కడే. ఉదారంగా 40 శాతం ఆదా అనుకుందాం. 2025 రేట్లతోనే చూద్దాం, 2026కి కొంచెం పెరుగుతాయి.

జీతాల షరతు లేకుండా: 88 సెంట్లు ఇంటూ 22,000, 19,360 డిడక్షన్. మీరు 35 శాతం స్లాబ్‌లో ఉంటే మిగిలేది 6,776. స్టడీ ఫీజు 6,500! పైగా ఇది కొత్తగా వచ్చే డబ్బు కాదు, తర్వాతి డిప్రిసియేషన్‌లోంచి ముందే తెచ్చుకున్నది.

షరతు పాటిస్తే: 4.70 ఇంటూ 22,000, లక్షా 3 వేలు దాటుతుంది. అంటే 94 వేలూ ఒకే ఏడాదిలో. ఏసీ మార్పిడిలో ఖర్చంతా యూనిట్లదే, కూలీ వాటా తక్కువ, అందుకని డేవిస్-బేకన్ జీతాల భారం పెద్దగా ఉండదు. ఒప్పందంలోనే ఆ క్లాజు రాయించి, పేరోల్ కాపీలు మీకిచ్చేలా పెట్టండి. పనయ్యాక అడిగితే పుట్టవు.

తేదీ మర్చిపోకండి. 2025 జూలై 4న సంతకమైన చట్టం ప్రకారం 2026 జూన్ 30 తర్వాత మొదలైన పనికి 179డి లేదు. "వేసవిలో" అంటే మేలోనా, ఆగస్టులోనా?

క్లీవ్‌లాండ్_డాక్టర్

ఆగస్టు అనుకున్నాం, మేకి జరుపుతున్నాను. ఇద్దరు ఏసీ కాంట్రాక్టర్లని జీతాల క్లాజుతో మళ్లీ కొటేషన్ అడిగాను. ఒకాయన 5 వేలు ఎక్కువ వేశాడు, ఇంకొకాయన "గవర్నమెంట్ పనులు మేం చేయం" అని పెట్టేశాడు. లైటింగ్ ఆయన్ని పేరోల్ రికార్డులు అడిగితే ఇంతవరకు జవాబు లేదు.

మోడల్_కట్టే_పీఈ

5 వేలకే అయితే తీసుకోండి. అయితే సంతకానికి ముందు ఎవరితోనైనా ప్రాథమికంగా మోడల్ నడిపించండి. ఆ కొత్త యూనిట్లతో 25 శాతం కూడా దాటకపోతే ఈ లెక్కంతా వృథా. యూనిట్ల మోడల్ నంబర్లు పెట్టండి, చూస్తాను.