వీధిలో ఇన్ని పిల్లులుండగా పర్షియన్ కూనల్ని పెంచి అమ్మొచ్చా?

పెన్నాగట్టు (నెల్లూరు): నిన్న చేపల మార్కెట్ వెనక ఒక పర్షియన్ దొరికింది. బొచ్చంతా అట్టగట్టింది. కళ్ల నీళ్లు కారి కారి ముక్కు పక్కన గోధుమరంగు చారలు. ఎవరో మోజుపడి కొని, దువ్వలేక వదిలేశారు. అమ్మేవాళ్లను అడుగుతున్నా: అమ్మాక ఒక్కసారైనా వెళ్లి చూశారా?

గిత్తలబాట (ఒంగోలు): అక్కా, అందర్నీ ఒకే గాటన కట్టొద్దు. నావి రెండే ఆడపిల్లులు, ఏడాదికి ఒక్క కాన్పు. 12 వారాలు నిండి, టీకాలు పడ్డాకే కూనల్ని ఇస్తా. కిడ్నీలో తిత్తులొచ్చే జబ్బుకి జన్యు పరీక్ష కూడా చేయించా. తల్లిదండ్రుల్లో ఒక్కదానికి ఆ జన్యువున్నా కూనల్లో సగానికి రావొచ్చు. జాతిని కాపాడుకోవడం తప్పా? మన ఒంగోలు గిత్తని బ్రెజిల్ వాళ్లు నెల్లూరు పేరుతోనే పెంచుకోవట్లేదా?

పెన్నాగట్టు: గిత్త బండి లాగుతుంది. చప్పిడి ముక్కు పిల్లి ఊపిరి కూడా సరిగా లాగలేదు.

గిత్తలబాట: బ్రెజిల్లో మాంసానికి పెంచుతారు, బండికి కాదు. తెలుసుకుని మాట్లాడండి.

చేపలపులుసు: పర్షియన్ కూన ఎంత పడుద్దన్నా?

పెన్నాగట్టు: గిత్తని వదిలెయ్ తమ్ముడూ. మా వీధి పిల్లి పిల్లలకి పాలిస్తూనే మళ్లీ ఎదకొస్తోంది. పిల్లలు పుట్టకుండా చేయించే ఆపరేషన్లన్నీ నా జీతంలోంచే. నువ్వెప్పుడైనా పది రూపాయలు పంపావా?

గిత్తలబాట: పది రూపాయలా? రెండేళ్ల కింద ఒకాయన బతిమాలితే వీధి కూనని వరండాలో పెట్టుకున్నా. నాలుగో రోజుకి వాంతులు, విరేచనాలు. పాన్‌ల్యూకోపీనియా, పిల్లుల ప్రాణం తీసే వైరస్ జబ్బు. అది పోయింది, ఇంకా టీకా పడని నా నాలుగు కూనలూ పోయాయి. ఆ వైరస్ గచ్చు మీద ఏడాది దాకా ఉండగలదట. ఏడాదంతా బ్లీచింగ్ నీళ్లతో కడిగా. తెచ్చినాయన మళ్లీ ఫోనెత్తలేదు.

పెన్నాగట్టు: తప్పు ఆయనదే. కొత్త పిల్లిని రెండు వారాలు వేరే గదిలో పెట్టాలి.

గిత్తలబాట: ఆ గది ఎవరిస్తారు?

పెన్నాగట్టు: సరే, వీధి పిల్లుల్ని నీ నెత్తిన పెట్టను. కానీ నువ్వు పుట్టించిన కూనని కొన్నాయన వదిలేస్తే? అది నీ గడపకే రావాలి. నువ్వు దాన్ని దయ అంటావు, నేను బాకీ అంటా.

గిత్తలబాట: నాదైతే తెచ్చుకుంటా, అట్లా రాసిచ్చే అమ్ముతున్నా. ఊళ్లో ప్రతి కూనకీ నన్ను నిలదీస్తే ఎట్లా?

వేదాయపాలెం: కుక్కల బ్రీడర్లకి 2017లో రూల్స్ వచ్చాయి, రిజిస్ట్రేషన్ ఉంది. పిల్లుల బ్రీడర్లకి అట్లాంటివి లేవు. ఎవరి కూనో ఎట్లా తేలుద్ది?

గిత్తలబాట: అక్కా, ఆ మార్కెట్ పిల్లి ఎడమ చెవి అంచున చిన్న గాటుందా?

పెన్నాగట్టు: మంచం కింద దూరింది, రావట్లేదు. తెల్లారాక చూసి చెప్తా.